నొప్పులు: నిల్

జూన్ 9, 1993

బరువు: తెలియదు. తండాలో కాటా ఎక్కడిది?
నిద్ర: బాగానే.
తిండి: జొన్నరొట్టె, పచ్చిమిరప కారం, యాడి తిట్లు.
శిక్షణ: సెలవు.
నొప్పులు: నిల్.

ఎక్కడున్నా డైరీ ఆపకూడదని మా కోచ్ కురియన్ సార్ రూల్. మూడేళ్లుగా ఫుట్‌బాల్ అకాడమీలో రోజూ పడుకునే ముందు ఈ అయిదు గడులు నింపి, ఆ కింద మనసుకు తోచింది రాసుకునేవాళ్లం. సార్‌ది కేరళ. నా తెలుగు ఆయనకు కోడి కెలికినట్టు కనపడేది. నొప్పుల గడి ఒక్కటి మాత్రం ప్రతి శనివారం వేలు పెట్టి చదివేవాడు. అందుకే ఆ గడిలో ఇంగ్లీషు మాట రాయడం అలవాటైంది. మా లంబాడీ బాసకు లిపి లేదు కాబట్టి మిగతాదంతా తెలుగే, అమ్మను యాడి అని, నాన్నను బా అని రాయడం తప్ప.

నిన్న సాయంత్రం దామరచర్లలో బస్సు దిగాను. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, ప్లాస్టిక్ బకెట్, బకెట్లో బూట్లు. ఎలా తెలిసిందో మా చిన్నాయన కొడుకు బీక్యా సైకిలేసుకుని ఎదురొచ్చాడు. పదమూడేళ్లు నిండాయో లేదో, అప్పుడే నా భుజం దాకా పెరిగాడు. పెట్టె సైకిల్ మీద పెట్టి, బకెట్ హ్యాండిల్‌కు తగిలించి, "అన్నా, ఎన్నొద్దులు సెలవు?" అన్నాడు.

"వాళ్లు పిలిచేదాకా" అన్నాను.

యాడి గుడిసె ముందు నిలబడి నన్ను చూసింది, పెట్టెను చూసింది, బకెట్‌ను చూసింది. "కాళ్లు కడుక్కో" అంది. నేనే చెప్పాను, హాస్టల్లో దొంగలు ఎక్కువ, సెలవుకు పోయేటప్పుడు గదిలో ఏదీ ఉంచకూడదని. ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను.

జూన్ 10

నొప్పులు: నిల్.

జూన్ 14

బరువు: అరవై ఒకటి.
తిండి: మిల్లు ముందు పూరీ.
శిక్షణ: లేదు.
నొప్పులు: నిల్.

బా మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ. ఆదివారం ఇంటికొచ్చి సోమవారం తెల్లారకముందే పోతాడు. ఇవాళ ఆయన వెంట పోయి బస్తాల కాటా ఎక్కాను. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. దిగేటప్పుడు పక్కనున్న బస్తా పట్టుకున్నాను. బా చూస్తున్నాడు.

"వడ్ల బస్తా కన్న తక్కువ తూగినవ్. అంత దూరం పోయి ఏం తిన్నవ్ రా?" అన్నాడు.

రోజుకు రెండు గుడ్లు, పాలు, నెయ్యి రాసిన చపాతీలు అని చెప్తే మిల్లులో అందరూ గొల్లున నవ్వారు. "గవన్ని యాడికి పోయినయ్?" అని ఒకాయన నా కడుపు తడిమాడు. తర్వాత బా హమాలీ మేస్త్రిని పక్కకు తీసుకుపోయి ఏదో మాట్లాడాడు. నేను దగ్గరికి పోగానే ఇద్దరూ వానల గురించి మొదలుపెట్టారు. నాకెందుకు.

జూన్ 17

ఒక్కసారి ఉన్నదున్నట్టు రాసి పెట్టుకుంటాను. తర్వాత నేనే మార్చి అనుకోకుండా ఉంటుంది.

కురియన్ సార్ అన్న మాట ఇది: "ఇంటికి వెళ్లి రెస్ట్ తీసుకో హన్మా. అవసరమైతే పిలుస్తాం."

వెళ్లిపో అనలేదు. పనికిరావు అనలేదు. అవసరమైతే అన్నాడు. అవసరం ఎందుకు రాదు? కుడి పక్క నుంచి లోపలికి కోసుకొచ్చి ఎడమ కాలితో గోలు కొట్టేవాడు మా బ్యాచ్‌లో నేనొక్కడినే. మిజోరం నుంచి ఒకడొచ్చాడు. వాడూ అలాగే కొడతాడు, కాదనను. కానీ వాడికి ఎండ పడదు. మార్చి రానీ, తెలుస్తుంది.

డాక్టరు నా ఎడమ మోకాలు అటూ ఇటూ తిప్పి, లోపల లిగమెంటు తెగి చాలా రోజులైంది, ఇన్నాళ్లు దీని మీద ఎలా పరుగెత్తావు అని అడిగాడు. సార్ నా డైరీ తెప్పించుకుని నాలుగు నెలల పేజీలు తిప్పాడు. నిల్, నిల్, నిల్. డైరీ మూసి నా చేతికిచ్చాడు. తిట్టినా బాగుండేది.

నొప్పి రాసినవాళ్లు ఏమవుతారో ఆయనకు తెలియదా? గౌహతి కుర్రాడు జనవరిలో తుంటి నొప్పి అని నిజాయితీగా రాశాడు. ఫిబ్రవరిలో వాడి మంచం మీద పరుపు చుట్టి ఉంది. ఆ రోజు నుంచి హాస్టల్లో ఎవరికీ ఏ నొప్పీ లేదు. అంతమంది ఆరోగ్యవంతులు ఒక్కచోట ఇంకెక్కడా ఉండరు.

జూన్ 24

శిక్షణ: నడక.
నొప్పులు: నిల్.

ఆఫీసు వాళ్లకు దామరచర్ల ఎస్టీడీ బూత్ నంబరు ఇచ్చి వచ్చాను. రోజూ సాయంత్రం పోతున్నాను. బూత్ నడిపే పెద్దులు నన్ను దూరం నుంచి చూసే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. ఇవాళ దగ్గరికి పోయేదాకా ఊపలేదు. తీరా చూస్తే బీడీ ముట్టించుకుంటున్నాడు.

"నీకు ఫోనొస్తె మైకు పెట్టి సెప్పిస్త గదరా. ఎందుకు రోజు కాళ్లు అరగదీస్తవ్?" అన్నాడు.

నడక మంచిది అని అకాడమీలో చెప్పారన్నాను.

జులై 2

తండాకు సిమెంటు కంపెనీ సూపర్‌వైజర్ కూలీల కోసం వచ్చాడు. మా గేమ్యా నాయక్ నన్ను పిలిపించి ఆయన ముందు నిలబెట్టాడు. నాయక్ అంటే తండా పెద్ద. ఆయన పిలిస్తే పోకుండా ఉండలేం.

"ఈడు మా హన్మా. ఇండియాకు ఆడుతడు."

ఇండియాకు కాదు, ఇంకా అకాడమీయే అన్నాను. నాయక్ వినిపించుకోలేదు. మూడేళ్ల నుంచి వినిపించుకోవడం లేదు. సూపర్‌వైజర్ నాకు చెయ్యి ఇచ్చి, "మా బావమరిది కూడా క్రికెట్ ఆడుతడు" అన్నాడు.

1990లో సూర్యాపేట టోర్నమెంటులో నన్ను ఎంపిక చేసింది ఖాజా సార్. అకాడమీ కోసం ఊరూరూ తిరిగి పిల్లల్ని వెతికే మనిషి ఆయన. నన్ను తీసుకున్నారని తెలిసిన రోజు నాయక్ ట్రాక్టర్ తెప్పించాడు. దామరచర్ల నుంచి తండా దాకా ఇంజను పక్కన కూర్చోబెట్టి ఊరేగించారు. ముందు డప్పులు, వెనక ఆడవాళ్ల ఆట. యాడి గాజులన్నీ మోగేలా ఆడింది. పదిహేనేళ్ల వాణ్ని, నాకేమో సిగ్గుతో ఎప్పుడు దిగుదామా అని ఉంది.

ఆ ట్రాక్టర్ దిగడం ఇప్పటిదాకా నా చేత కాలేదు.

జులై 9

తిండి: తిన్నాను. తినకుండా ఉండాల్సింది.

బా బస్తాలు మోస్తున్నాడు. యాడి నాట్లకు పోతోంది. పద్దెనిమిదేళ్లవాణ్ని నేను నీడలో కూర్చుని తింటున్నాను. మిల్లు పనికి పోదామంటే, అకాడమీ ఆటగాడు బస్తాలెందుకు మోస్తున్నాడు అని అడుగుతారు. సెలవు కాదని తేలిపోతుంది. పోనీ ఆడదామంటే మోకాలి సంగతి తేలిపోతుంది. మిర్యాలగూడ హైస్కూలు పీఈటీ పర్వతాలు సార్ ఇప్పటికి రెండుసార్లు కబురు పంపాడు, ఎగ్జిబిషన్ మ్యాచ్ పెట్టుకుందాం రమ్మని. నాకు బంతిని తన్నడం నేర్పింది ఆయనే. బయట ఆడకూడదని అకాడమీ రూల్ అని తిప్పి పంపాను.

రూల్ నిజమే. అకాడమీలో ఉన్నవాళ్లకు.

పని చేయకూడదు, ఆట ఆడకూడదు, ఊరికే ఉండకూడదు. ఇన్ని రూల్స్ కురియన్ సార్ కూడా పెట్టలేదు. పెట్టుకున్నది నేనే.

జులై 12

ఫోన్ రాలేదు.

జులై 13

రాలేదు. వాన.

జులై 16

పెద్దులు బూత్ మూసి పెళ్లికి పోయాడట. ఇవాళే వచ్చి ఉంటుంది.

జులై 20

శిక్షణ: బీక్యాకు.
నొప్పులు: నిల్.

వాడు వదలడం లేదు. పొద్దున్నే కోడి కన్నా ముందు లేచి బంతి పట్టుకుని నా మంచం పక్కన కూర్చుంటున్నాడు. పర్వతాలు సార్ టీములో ఆడుతున్నాడట. సరే, నువ్వు ఆడు, నేను చూస్తానని దున్నని చెలక దగ్గర రాయి మీద కూర్చున్నాను.

రాయకూడదనుకున్నాను గానీ రాస్తాను. వాడు నాకంటే బాగా ఆడతాడు. నేను ఆ వయసులో బంతిని చూస్తూ పరుగెత్తేవాణ్ని. వాడు బంతిని కాలికి వదిలేసి మనుషుల్ని చూస్తాడు. ఎవరు ఎటు పోబోతున్నారో ముందే తెలిసినట్టు ఉంటాడు. ఉత్త కాళ్లతో, రాళ్లలో. చూస్తుంటే సంతోషమేసింది. కాసేపటికి కడుపులో మంట కూడా పుట్టింది. రెండూ ఒక్కసారే ఉన్నాయి, అబద్ధం ఎందుకు.

"ఎట్లున్నది అన్నా?"

"పర్వాలేదు" అన్నాను.

జులై 28

యాడి నాట్ల కోసం త్రిపురారంలో ఉంటోంది. బియ్యం ఇచ్చి రమ్మంటే పోయాను. కాలువ గట్టు దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. వంగదు, చాపుకోదు. గట్టు మీద కూర్చుండిపోయాను. కింద మడిలో ఆడవాళ్లు వరుసగా వంగి నాటుతున్నారు, పాట పాడుతున్నారు. వాళ్లు తలెత్తే లోపల లేవాలి. లేవలేదు. పిర్రల మీద జరుక్కుంటూ దిగాను, చిన్నపిల్లలు దిగినట్టు. ప్యాంటు వెనక అంతా బురద.

"జారినవా?" అంది యాడి.

"జారిన."

ఆమె నా మొహం చూడకుండా కొంగుతో బురద తుడిచింది. మోకాలి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మెల్లగా పోయింది.

నొప్పులు: నిల్.

ఆగస్టు 3

పర్వతాలు సార్ స్వయంగా తండాకు వచ్చాడు. పదిహేనో తారీఖున కోదాడలో పద్నాలుగేళ్ల లోపు పిల్లల టోర్నమెంటు. ఖాజా సార్ వస్తున్నాడట.

"బీక్యాను సూపిద్దాం. నువ్వు గూడ రా. ఏమో, నిన్ను పిల్సుకపోనీకె వస్తుండొచ్చు" అన్నాడు.

నేను కూడా అదే అనుకున్నాను. ఫోన్ చేసే బదులు మనిషిని పంపుతున్నారు. పెద్ద అకాడమీలు అలాగే చేస్తాయి.

ఆగస్టు 4

నిద్ర: పట్టలేదు, సంతోషంతో.
శిక్షణ: గుంజీలు. మధ్యలో ఆపాను.
నొప్పులు: నిల్.

ఆగస్టు 15, కోదాడ

పొద్దున జెండా ఎగరేసినప్పటి నుంచి వాన. గ్రౌండు సగం చెరువు. మిర్యాలగూడ పిల్లలకూ సూర్యాపేట పిల్లలకూ ఫైనల్. సూర్యాపేట వాళ్లందరికీ బూట్లున్నాయి, మనవాళ్లలో నలుగురికి. ఆ బురదలో బూట్ల వాళ్లే ఎక్కువ జారారు.

ఖాజా సార్ కొంచెం ముసలివాడయ్యాడు. అదే గొడుగు, అదే పాన్‌డబ్బా. ఆయన బంతి ఉన్న వైపు చూడడు. అందరూ అటు చూస్తుంటే ఆయన ఇటు, బంతి లేని పిల్లల్ని చూస్తాడు. "బంతి కాలి కింద ఉంటే గాడిద గూడ ఆడుతది" అని ఆయన ఎప్పుడూ అనే మాట. పోయి నమస్తే పెట్టాను.

"అరే, ఎవరూ... దామరచర్ల! ఘుట్నా! మోకాలు ఎట్లున్నది బేటా?"

పేరు గుర్తు లేదు. మోకాలు గుర్తుంది.

బాగుంది సార్ అన్నాను. ఆయన తలూపి మళ్లీ గ్రౌండు వైపు తిరిగాడు. ఆట చివర్లో బీక్యాకు బంతి దొరికింది. గోలు కాసే గోలీ ముందుకు వచ్చేశాడు, గోలు ఖాళీ. పిచ్చివాడు కూడా కొడతాడు. వీడు కొట్టలేదు. గోలీ వెనక ఇంకో సూర్యాపేట పిల్లవాడు పరుగెత్తుకొస్తున్నాడని వాడు ముందే చూశాడు. బంతిని పక్కకు దొర్లించాడు. అక్కడ మా టీములో బక్కవాడు ఒకడున్నాడు, ఇంతవరకు ఒక్క గోలూ కొట్టనివాడు. వాడు కళ్లు మూసుకుని తన్నాడు. గోలు.

ఖాజా సార్ పాన్‌డబ్బా మూసి జేబులో పెట్టాడు. మూడేళ్ల కింద నా ఆట చూసి అలా పెట్టాడో లేదో నాకు తెలియదు.

"ఈ పిలగాని తల్లి ఎంత పొడుగుంటది?"

"నా అంత, సార్."

"తండ్రి?"

"ఇంకా పొడుగు."

"బహుత్ అచ్ఛా. పెరుగుతడు."

బస్టాండ్ ఎదురుగా హోటల్‌కు తీసుకుపోయాడు. హోటలాయన కోదాడ మనిషి, "ఏం తీసుకుంటారండీ, ఇడ్లీ వేడిగా ఉందండీ" అంటూ మా మీద పడ్డాడు. ఇడ్లీ వచ్చేదాకా ఆగలేక అడిగేశాను.

"నన్నెప్పుడు పిలుస్తరు సార్?"

ఖాజా సార్ కాసేపు నన్ను చూశాడు. ఆయన కళ్లల్లో చెడ్డతనం ఏమీ లేదు. అదే కష్టంగా ఉంది.

"నీకు సెప్పలేదా వాళ్లు? బేటా, నీ మంచం మీద వేరే పిలగాడు పండుతుండు. ఖతం. గా ముచ్చట ఇడువు. నీకు నజర్ ఉన్నది, ఆటను సూసే కన్ను. ఈ పక్క తండలల్ల పిల్లల్ని నువ్వు సూసి పెట్టు నాకు. వస్తపోత ఖర్చులు ఇస్త." బ్యాగులోంచి అకాడమీ ట్రాక్ సూట్ తీసి నా ముందు పెట్టాడు. కొత్తది. అకాడమీ పేరు వీపు మీద.

ఇడ్లీ చల్లారిపోయింది. తిన్నాను.

ఆగస్టు 16

శిక్షణ: విధుల్లో చేరాను.
నొప్పులు: నిల్.

నిన్న రాసింది మళ్లీ చదివాను. ఖతం అన్నది మంచం గురించే. నన్ను అకాడమీ మనిషిని చేశాడు. ట్రాక్ సూట్ ఊరికే ఇస్తారా? ఆటగాళ్లకు వయసైపోతుంది, చూసి పెట్టే మనిషికి కాదు. ఒకరకంగా ఇది పెద్ద ఉద్యోగమే. సెలవు అన్న మాట కూడా అబద్ధం కాకుండా పోయింది.

ట్రాక్ సూట్ వేసుకుని తండాలో ఒక చుట్టు తిరిగాను. నాయక్ వీపు మీద అక్షరాలు వేలితో తడిమి చూశాడు. బా మాత్రం, "మంచిగున్నది, ఉక్క పోస్తలేదా?" అన్నాడు.

ఆగస్టు 22

ఖాజా సార్ తండాకు వచ్చాడు, బీక్యా తల్లిదండ్రుల్ని చూడడానికి. బీక్యా తల్లి భూలి. మా బాసలో ఆమెను పిలిచే మాట తెలుగులో రాస్తే కాకి అయిపోతుంది, చిన్నమ్మ అనే రాస్తాను. సార్ ఆమెను గుడిసె గుంజ పక్కన నిలబడమన్నాడు. ఎత్తు చూడాలి కదా.

"సంతల ఎడ్ల పండ్లు సూసినట్టు సూస్తున్నవ్. నా పండ్లు గూడ సూస్తవా?" అని చిన్నమ్మ నోరు తెరిచింది. తండా అంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు, కానీ గుంజ మీద ఆమె తల దగ్గర గోటితో గీత పెట్టడం మరచిపోలేదు. చిన్నాయన రాళ్ల క్వారీ నుంచి ఇంకా రాలేదు, ఆయన ఎత్తు నేను చేత్తో చూపించాను.

పిల్లవాణ్ని తీసుకుంటామని సార్ చెప్పాడు. వచ్చే సోమవారమే. చిన్నమ్మ సంతోషించలేదు, కాదనలేదు.

"ఈయన ఎవలో నాకెరుక లేదు. హన్మా ఎరుక. హన్మా నడుమ ఉంటె బెల్లం తిందాం" అంది.

మా తండాలో పిల్లను ఇచ్చినా, ఎద్దును ఇచ్చినా, కొడుకును దూరం పంపినా అందరూ కూర్చుని బెల్లం తింటారు. అప్పుడే మాట ఖాయం. నడుమ ఉన్న మనిషి మొదటి ముక్క తినాలి. రేపు ఏదైనా చెడితే అడిగేది వాణ్నే. తిన్నాక నాకు తెలియదు అనడానికి లేదు.

నాయక్ శుక్రవారం పెట్టాడు.

ఆగస్టు 24

బీక్యాను అడిగాను, ఎందుకు పోతావు అని.

"నీ లెక్క అయిత" అన్నాడు.

"అక్కడ రోజు గుడ్లు పెడ్తరా?" అని అడిగాడు.

"రెండు."

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటా?"

"రెండూ పొద్దున్నే."

ఇందులో ఒక్కటీ అబద్ధం లేదు. అడిగినవాటికి నిజమే చెప్పాను. అడగనివాటికి నేనేం చేయాలి?

ఆగస్టు 25

బీక్యా మోకాళ్లు వేరు, నా మోకాళ్లు వేరు. అందరికీ తెగవు.

వాణ్ని పంపకపోతే ఖాజా సార్ నన్ను మళ్లీ పిలవడు. ట్రాక్ సూట్ విప్పితే మిగిలేది ఏముంది? పంపితే, మూడేళ్లకో నాలుగేళ్లకో వాడు కూడా ఆ గడిలో నిల్ అని రాస్తూ కూర్చుంటాడు. నిల్ రాయకపోతే పరుపు చుడతారు. రాస్తే కాలు పోతుంది. ఎటు తిప్పినా ఈ లెక్కలోంచి బయటికి తలుపు లేదు.

బెల్లమే కదా. నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది.

ఆగస్టు 26

నొప్పులు:

ఆగస్టు 27

నాయక్ గుడిసె ముందు చాపలు వేశారు. బా మిల్లులో సెలవు చెప్పి వచ్చాడు. పర్వతాలు సార్ వచ్చాడు. చిన్నమ్మ నా ఎదురుగా కూర్చుంది, బీక్యా ఆమె వెనక. వాడు చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. నేను ట్రాక్ సూట్‌లో. ఉక్క పోస్తోంది.

నాయక్ బెల్లం ముద్ద రాయి మీద కొట్టి పగలగొట్టాడు. మొదటి ముక్క నా చేతిలో పెట్టాడు. "తిని సెప్పు" అన్నాడు.

చేయి పైకి లేవలేదు. చెమటకు బెల్లం అరచేతిలో అంటుకుంది. ఒక చీమ నా వేలెక్కింది, దాన్ని చూస్తూ కూర్చున్నాను. అందరూ ఓపిగ్గా ఉన్నారు. ఎవరైనా తొందర పెట్టి ఉంటే తినేసి ఉండేవాణ్నేమో.

"నాది సెలవు కాదు" అన్నాను.

ఇక ఆగలేదు. మా బాసలోనే చెప్పాను, అన్నీ. మోకాలు, డాక్టరు, నాలుగు నెలల నిల్, మిజోరం కుర్రాడు, నా మంచం. ఫోన్ రాదని బూత్‌కు పోయిన మొదటి రోజే నాకు తెలుసని కూడా చెప్పాను. అది నాకే అప్పటిదాకా తెలియదు, నోట్లోంచి వచ్చాక తెలిసింది. అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కారు, కానీ కాలు బాగున్నంత సేపే మనం వాళ్ల పిల్లలం అని చెప్పాను. మాట్లాడుతూ ఏడ్చాను. బీక్యా ముందు ఏడవకూడదనుకున్నాను.

చివరికి చిన్నమ్మ అంది:

"ఎరుకే కొడుకా. సెలవుకు వచ్చెటోడు బకెటు తెచ్చుకుంటడా?"

తల ఎత్తి చూశాను. నాయక్ నేల చూస్తున్నాడు. పర్వతాలు సార్ కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. అందరికీ తెలుసు. మొదటి రోజు నుంచి.

"ఎరుకైతె ఎందుకు అడగలె?" అన్నాను. కోపం వచ్చింది నిజంగా.

"నువ్వు సెప్పినంక ఇందామని" అన్నాడు బా. "మేస్త్రి నీకొక పని ఆపి పెట్టిండు, జూన్ల సంది. బస్తాల మూతులు కుట్టే పని. కూసుండి సేసేది" అన్నాడు.

కూసుండి సేసేది. కాటా దిగుతున్నప్పుడే చూశాడన్నమాట. అంత భారం వీపు మీద మోసే మనిషి, వచ్చిన ఆరో రోజునే నా కోసం కూర్చునే పని అడిగి పెట్టి, నేను నోరు విప్పేదాకా ఆగాడు. నేనేమో నీడలో కూర్చుని, ఆయనకు ఏమీ తెలియదని జాలిపడుతూ తిన్నాను.

ఇక బెల్లం సంగతి అయిపోయిందనుకుని ముక్క నాయక్‌కు తిరిగి ఇవ్వబోయాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. మంచిగ సూస్తరా అని నిన్ను అడుగుతలేను. ఎట్ల సూస్తరో నీ నడక సూస్తెనే తెలుస్తది. గీడ ఉంటె ఆనికి క్వారీ ఉన్నది, మా ఆయన లెక్క. పోతనంటుండు, పోనీ. రొండేండ్లన్న గుడ్డు తింటడు." వెనక్కి తిరిగి, "పోతవా?" అంది.

బీక్యా నా మోకాలు వైపు చూశాడు. మొదటిసారి అటు చూశాడు. "పోత" అన్నాడు.

"అయితె ఇను హన్మా. నొప్పి పుడితె దాసుకోవద్దని ఆనికి నువ్వే సెప్పాలె. ఇంకోటి. ఆడు ఎన్నడు వచ్చినా బస్సుకాడికి నువ్వే ఎదురువోవాలె. ఎన్నొద్దులు సెలవు అని అడగొద్దు. పెట్టె నువ్వే పట్టాలె. గా మాట మీద తిను. తింటవా?"

తిన్నాను. నోరంతా తీపి, చేతికంతా జిగురు. మూడు నెలల్లో నేను ఇవ్వగలిగిన మాట అదొక్కటే.

ఆగస్టు 30

మిర్యాలగూడ బస్టాండ్‌లో ఖాజా సార్ వచ్చి బీక్యాను తీసుకుపోయాడు. నా ట్రంకు పెట్టె, నా బకెట్. పెట్టె మీద నా పేరు కింద బీక్యా తన పేరు మేకుతో గీశాడు. ట్రాక్ సూట్ కూడా వాడికే ఇచ్చాను, చేతులు నాలుగు మడతలు పడ్డాయి.

"పిల్లల్ని చూసి పెడతాను, కానీ తల్లులకు అన్నీ చెప్తాను సార్" అన్నాను. ఖాజా సార్ పాన్ నములుతూ, "అన్నీ సెప్తె ఎవరు పంపుతరు బేటా?" అన్నాడు. కొడుకును సాగనంపడానికి వచ్చిన చిన్నమ్మ వైపు చూపించాను.

బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి వాడు చేతిలో కొత్త డైరీ ఊపాడు. "నొప్పుల గడిల ఏం రాయాలె అన్నా?" అని అరిచాడు.

"ఉన్నది రాయి" అని అరిచాను. బస్టాండ్ అంతా నా వైపు చూసింది. వాడికి వినపడిందో లేదో తెలియదు.

సెప్టెంబర్ 1

బరువు: అరవై మూడు. మిల్లు కాటా.
నిద్ర: పట్టింది.
తిండి: బా డబ్బాలోంచి రొట్టె, ఉల్లిగడ్డ.
శిక్షణ: బస్తా కుట్టడం. దబ్బనం గుచ్చుకుంది, మేస్త్రి నవ్వాడు.
నొప్పులు: ఎడమ మోకాలు. ఫిబ్రవరి నుంచి.